చెట్టుపాల పరుపు

టీబ్యాగు దారం గురించి ఎవరికి ఫిర్యాదు చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు. దుబాయ్ అల్ కుసైస్‌లో మా గది కింద ఉన్న కెఫెటేరియాలో కాగితపు కప్పులో టీ ఇచ్చేవారు. కప్పు అంచున చిన్న కాగితం ముక్క వేలాడుతూ ఉండాలి, దాన్ని పట్టుకుని సంచీని పైకి లాగాలి, అదీ పద్ధతి. కానీ అక్కడి మనిషి మరిగే నీళ్లను ఎంత ఎత్తు నుంచి పోసేవాడంటే, ఆ ధాటికి దారమూ కాగితమూ కూడా సంచీ వెంట లోపలికి దూకేవి. తర్వాత వేళ్లు కాల్చుకుంటూ వాటిని బయటికి తీయడం నా పని. వారానికి ఆరు రోజులు ఓర్చుకునేవాణ్ణి. సెలవు రోజు, శుక్రవారం ఒక్కరోజైనా టీని టీలాగా తాగాలని ఉండేది.

రెండు వేల ఏడులో అనుకుంటాను, అలాంటి ఒక శుక్రవారం నేను ప్లాస్టిక్ చెంచాతో దారాన్ని వేటాడుతుండగా మా గదిలో ఉండే వడ్రంగి అన్న వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. పాస్‌పోర్టు ఫొటోకి వేసుకున్న తెల్లచొక్కా వేసుకున్నాడు. అంటే విషయం చిన్నది కాదు.

"సారూ, ఇయ్యాల నాతోని రావాలె. పరుపు కొనేదున్నది" అన్నాడు.

గదిలో ఆరుగురం. అందరిలోకీ పెద్ద ఆయనే, నలభై దాటాయి. జగిత్యాల దగ్గర పల్లె. విల్లాల్లో అల్మరాలూ తలుపులూ బిగించే ఒక కంపెనీలో పని. వయసులో చిన్నవాణ్ణయినా నేను గదిలో అందరికీ 'సారు'నే. కారణం, నేను ఎమ్మే చదివాను, రాజనీతి శాస్త్రం. దుబాయ్‌లో దాని అవసరం అప్పటిదాకా ఎవరికీ పడలేదు. నేను చేసేది టైపింగ్ సెంటర్‌లో వీసా ఫారాలు నింపడం. అయినా ఇంగ్లీషు చదవగలిగినవాడికి సమస్తమూ తెలుస్తుందని గదిలో గట్టి నమ్మకం. ఆ నమ్మకం మీద అప్పటికే నేను రెండు మిక్సీలు, ఒక కెమెరా, ఎవరి బావమరిదికో బీపీ చూసుకునే యంత్రం, ఒక గోడ గడియారం ఎంపిక చేసి ఉన్నాను. వాటిలో గడియారం ఇంకా నడుస్తోందని విన్నాను.

"పరుపుల గురించి నాకేం తెలుసన్నా?"

"నీకు తెల్వదు, నాకెరికే. మరి దాని మీద రాసింది ఎవలు సదువాలె? నువ్వు ఉట్టిగ సదువు. మిగిలింది నేను సూసుకుంట."

నా శక్తిసామర్థ్యాల గురించి ఇంత సరైన అంచనా మా యూనివర్సిటీ కూడా వేయలేకపోయింది. చల్లారిన టీ వదిలేసి లేచాను.

పరుపు ఆయనకు కాదు. ఆయన తన మంచం మీద పలుచటి స్పంజి తీసేసి, సైటులో మిగిలిన ప్లైవుడ్ ముక్క కోసి వేసుకుని, దాని మీద దుప్పటి పరిచి పడుకునేవాడు. పరుపు ఊళ్లో ఉన్న వదినకు, అంటే ఆయన భార్యకు. ఆమె బీడీలు చుడుతుంది. చాట ఒళ్లో పెట్టుకుని, ముందుకు వంగి, పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేవేళకు లేస్తుంది. ఏళ్ల తరబడి అలా కూర్చుంటే నడుము ఊరుకుంటుందా? పట్టేసింది. ఇంట్లో ఆమె ఒక్కతే ఉంటుంది. ఒక్కగానొక్క కూతురు గురుకులం హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

ప్రతి శుక్రవారం సాయంత్రం ఆయన గదిలోంచే ఇంటికి ఫోన్ చేసేవాడు. మిగతా ఐదుగురం వినకుండా ఉండే ప్రయత్నం చేసేవాళ్లం. ఆరు మంచాల గదిలో అదొక కఠినమైన వ్యాయామం. "నడుమెట్లున్నది?" అనేవాడు ఈయన. "ఉన్నది" అనేది ఆమె. "గోలీలేసుకో" అనేవాడు. ఆ తర్వాత వానల గురించి, కూతురి పరీక్షల గురించి మాట్లాడుకునేవారు. పోయిన చలికాలం నుంచి ఆయన గోలీల మాట ఎత్తడం కూడా మానేశాడు. అడిగేవాడు, వినేవాడు, అంతే. పెట్టేశాక కాసేపు ఫోనుని చొక్కాకి రుద్ది తుడిచేవాడు. దానికంత మురికి ఉండేది కాదు.

మూడు వారాల్లో ఆయనకు సెలవు, రెండు నెలలు. కార్గోలో వేసిన పరుపు ఓడెక్కి, ముంబయిలో దిగి, లారీల మీద ఊరు చేరడానికి రెండు నెలల పైమాటే. ఈ శుక్రవారం కొంటేనే ఆయన అక్కడ ఉండగా అందుతుంది.

"నేనుండంగనే దాని మీద పండవెట్టాలె సారూ" అన్నాడు బస్సులో. "నడుము సదురుకుంటదా లేదా, నా కండ్లతోని సూసి రావాలె. లేకుంటె మల్ల రెండేండ్లు గీ ఫోన్లనే ఇనాలె."

ఎలాంటి పరుపు కావాలో కూడా ఆయనకు స్పష్టంగా తెలుసు. జుమేరాలో ఒక తెల్లామె ఇంట్లో అల్మరా బిగిస్తున్నప్పుడు మంచం జరపాల్సి వచ్చిందట. పరుపు మీద చేయి ఆనిస్తే అది వింతగా తగిలింది. "స్పంజి చెయ్యిని మింగుతది. ఇది మింగలే, మల్ల ఇచ్చేసింది." ఆమె అది చూసి, తన నడుము పట్టుకుని నొప్పి ఉన్నట్టు మొహం పెట్టి, తర్వాత పరుపు చూపించి నవ్వు మొహం పెట్టిందట. ఏంటిదని అడిగితే కాగితం మీద చెట్టు బొమ్మ గీసి, దానికి గాటు పెట్టి, కింద గిన్నె గీసిందట. చెట్టుపాలతో చేసిన పరుపు. ఈయనకు అది చాలు. చిన్నప్పటి నుంచి చెక్కతో బతికిన మనిషి. "షెట్టు నుంచి అచ్చింది మనిషిని మోసం చెయ్యది" అన్నాడు. మా గదిలో ఆయన చేసిన అల్మరా తలుపు వానాకాలం లేని దేశంలో కూడా ఉబ్బి బిగుసుకుపోయేది. ఆ సంగతి నేను ఎత్తలేదు.

షేక్ జాయెద్ రోడ్డు మీద ఆ దుకాణం జుమా నమాజు తర్వాత తెరిచారు. లోపల చలి, నిశ్శబ్దం. మంచాలన్నీ ఎవరో ముఖ్యమైన రోగులు రాబోతున్నట్టు తెల్లగా పరిచి ఉన్నాయి. అంత మర్యాదగా ఉన్న చోట బేరం ఎలా మొదలుపెట్టాలో ఇద్దరికీ తోచలేదు. ఈలోగా టై కట్టుకున్న సేల్స్‌మన్ వచ్చి, నా మొహం చూసి, ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. సహజమైన లేటెక్స్, కృత్రిమమైన లేటెక్స్, రెండూ కలిపింది, ఆర్గానిక్ అని ధ్రువపత్రం ఉన్నది, లేనిది, పైన నూలు గవిసెన, దాని కింద ఉన్ని పొర. నేను గంభీరంగా తలూపి అన్న వైపు తిరిగాను.

"రబ్బరు చెట్టేనట అన్నా."

"గంతసేపు చెప్పిండు, గింతేనా?"

"మిగతాదంతా గాలి అన్నా."

"గాలి సంగతి గూడా చెప్పినా కదన్నా, మీరే చెప్పలా" అన్నాడు సేల్స్‌మన్ తెలుగులో. "దాన్నిండా సన్న బొక్కలుంటాయి. గాలి ఆడతాది, చెమట పట్టదు."

కడప అతను. ముప్పై ఏళ్ల ముస్లిం. ఎనిమిదేళ్లుగా దుబాయ్‌లో ఉన్నాడట, పరుపుల్లోకి వచ్చి ఏడాది, అంతకుముందు పంపుసెట్లు. నేను తేలుకుట్టిన దొంగలా ఉన్నాను కానీ వడ్రంగి అన్న మాత్రం ఆ క్షణం నుంచి నన్ను పక్కన పెట్టేశాడు. తెలుగు వచ్చిన పరుపులవాడు దొరికాక ఎమ్మేతో ఏం పని?

"తమ్మీ, ఈ ఆర్గానికంటె ఏంది?"

"మందులు కొట్టకుండా పెంచిన చెట్లన్నా. ఆ పాలతో చేసింది."

అన్న ఆలోచించాడు. "షెట్టుకు మందు కొట్టకుంటె పరుపు మీద పండెటోనికి ఏమస్తది?"

"ట్రైనింగులో నేనూ ఇదే అడిగినా. టీ తాగి రాపో అన్నారు."

ఆ జవాబుతో అన్నకు అతని మీద పూర్తి నమ్మకం కుదిరింది. వంగి, మంచం కింద చేయి పెట్టి తడిమి, "మంచం మంచిగలేదు, పైపైన టేకు అంటిచ్చిండ్రు" అని తీర్పు చెప్పాడు. తర్వాత పరుపు మూల పట్టుకుని పైకెత్తి, కళ్లు మూసుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు దుప్పటి మంచిదో కాదో కిలోల్లో తెలుస్తుంది. నాలుగు కిలోలది మామూలు, ఆరు కిలోలది మర్యాద, ఎనిమిది కిలోలది ఆడపిల్ల పెళ్లికి. ఊళ్లో దాన్ని కప్పుకునేంత చలి ఉందా లేదా అన్నది వేరే విషయం, ఎవరూ చర్చించరు. అదే కొలత ఆయన పరుపుకీ పెట్టాడు.

"అరవై ఉంటది."

సేల్స్‌మన్ అట్ట మీద చూశాడు. "యాభై ఎనిమిదన్నా."

"కవరుతోని అరవై" అన్నాడు అన్న, కళ్లు తెరిచి. "మంచిదే ఇది."

ఆ బరువునంతా కార్గోవాడు కూడా తూస్తాడని గుర్తు చేద్దామనుకున్నాను. ఆయన మొహంలో వెలుగు చూసి మానేశాను.

"డబల్ అన్నా ఇది. సింగిల్ గూడా ఉంది. ఎవురెవురు పడుకుంటారు?"

"రెండు నెలలు ఇద్దరం. కడమ ఇరవై రెండు నెలలు ఆమెకే పురాగ దొరుకుతది. డబలే ఉండనీ."

సేల్స్‌మన్ మమ్మల్నిద్దర్నీ చెరో పరుపు మీద పావుగంట పడుకోమన్నాడు. కొనేముందు పడుకుని చూడటం అక్కడ నియమమట. అన్న బూట్లు విప్పి, మేజోడు చిరుగు కనబడకుండా కాలి మీద కాలు వేసుకుని, మంచం అంచున ఆపరేషనుకు సిద్ధమైన మనిషిలా బిగుసుకుని పడుకున్నాడు. నేను పక్కదాని మీద వాలాను. అడుగున గట్టిగా, పైన మెత్తగా, ఏదో చెయ్యి పట్టి ఆపినట్టు ఉంది. నిపుణుడి హోదాలో దాన్ని లోతుగా పరిశీలించాలనుకున్నాను. కళ్లు తెరిచేసరికి సేల్స్‌మన్ నన్ను తట్టి లేపుతున్నాడు.

"నలభై నిమిషాలన్నా" అన్నాడు గౌరవంగా.

"సారుకు నచ్చింది" అన్నాడు అన్న.

ఇక తేలాల్సింది ఒక్కటే. ఆ రకంలోనే మూడున్నాయి, మెత్తనిది, మధ్యరకం, గట్టిది. అది మనిషిని బట్టి ఉంటుందట. తప్పుడుది తీసుకుంటే నొప్పి తగ్గకపోగా పెరుగుతుందని, వాపసు తీసుకోరని సేల్స్‌మన్ రెండుసార్లు చెప్పాడు. ఒక ఫారం తెచ్చాడు. ఫారం కనబడగానే అలవాటు కొద్దీ పెన్ను తీశాను. చివరికి నా విద్య పనికొచ్చే సమయం వచ్చింది.

"వయసు?"

"నాకంటె నాలుగేండ్లు చిన్న. నాదెంత రాసినవో దాంట్ల నాలుగు తీసెయ్."

ఆయన వయసు నాకు తెలుసు, వీసా ఫారం నింపింది నేనే. నాలుగు తీసేశాను.

"ఎత్తు?"

ఆయన నిటారుగా నిలబడి, అరచేతిని ఛాతీ మీద పైకీ కిందికీ జరిపి, గదుమకు కాస్త కింద ఆపాడు. "గీడిదాక అస్తది." జేబులోంచి టేపు తీసి, ఒక కొసను కాలితో తొక్కిపట్టి, అక్కడిదాకా లాగాడు. "నాలుగడుగుల పదకొండంగులాల పావు." పావు కూడా వేయమన్నాడు. వేశాను. మనిషి పక్కన లేకుండా ఎత్తు కొలవడం నేను అంతకుముందు చూడలేదు.

"బరువు?"

"పోయినసారి రైసుమిల్లు కాంటా మీద నిలవెడితే నలభై ఆరు. ఇప్పుడు తగ్గింది కావచ్చు. నలభై నాలుగు రాయి."

"నొప్పి ఎక్కడ?"

తన నడుము మీద బొటనవేలు ఆనించి చూపించాడు, కుడివైపు, తడుముకోకుండా. మార్కింగు చేసిన చోట మేకు పెట్టినంత కచ్చితంగా.

"పడుకునేది ఎట్లన్నా?" అన్నాడు సేల్స్‌మన్. "అన్నిటికంటే ముఖ్యం ఇదే. పక్కకు తిరిగి పడుకునేవాళ్లకైతే మెత్తంది, ఎల్లకిలా పడుకునేవాళ్లకైతే గట్టిది. వదిన యట్ల పడుకుంటాది?"

"ఎట్లేంది, పంటది."

"పక్కకా, ఎల్లకిలా, బోర్లానా?"

అన్న టేపుని కొంచెం బయటికి లాగి మళ్లీ లోపలికి వదిలాడు. నేను పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాను. పుట్టిన తేదీ దగ్గర ఆగిపోయేవాళ్లను వేలమందిని చూశాను, తండ్రి పేరు స్పెల్లింగు దగ్గర ఆగేవాళ్లనూ చూశాను. ఈ గడి దగ్గర ఆగిన మనిషిని చూడటం అదే మొదలు. పెళ్లై పదహారేళ్లు. అందులో దుబాయ్ పన్నెండు. రెండేళ్లకోసారి రెండు నెలలు. నేను మనసులో లెక్క వేయలేదని చెప్పను.

"దూరంగా ఉంటారు కదన్నా, గుర్తుండదు" అన్నాను.

"అది గాదు సారూ." ఆయన నా మీద కోపం తెచ్చుకోలేదు. నెమ్మదిగా, తనలో తాను అప్పుడే కనుక్కుంటున్నట్టు చెప్పాడు. "దుబాయ్ రాకముందు గూడ అంతే. నేను తిని మొదలు పంట. ఆమె బాసన్లు తోముకొని, బీడీల ఆకు తడిపి పెట్టుకొని, అప్పుడు అస్తది. నేను లేసేటాల్లకు లేసి ఉంటది. పండంగ నేనెన్నడు సూడలే."

సేల్స్‌మన్ టై సర్దుకున్నాడు. అతని పెళ్లాం కడపలో ఉందని తర్వాత తెలిసింది. "నాకు మాత్రం తెలుసా ఏంది" అని గొణిగి, మళ్లీ దుకాణం గొంతు తెచ్చుకుని, "ఫోన్ చెయ్యన్నా, అడిగితే అయిపోతాది" అన్నాడు.

అన్న పరుపు అంచున కూర్చుని ఫోన్ చేశాడు. ఆయన ఫోను పాతది, అవతలి మాట పక్కవాళ్లకూ వినిపించేది. మా గదిలో వ్యాయామానికి కారణం అదే. చాలాసేపు మోగాక ఆమె ఎత్తింది.

"ఏమైంది?"

అది ఆయన చేసే వేళ కాదు మరి.

"ఏం కాలే. మంచిగున్న. నువ్వేం జేస్తున్నవ్?"

"ఏం జేస్త? బీడీలు జేస్తున్న. పనిలకెల్లి తీసేసిండ్రా?"

"లేదే. ఒక ముచ్చట అడుగుదామని." ఆగాడు. "వానలు పడ్డయా?"

"నిప్పులు కురుస్తుంటె వానలేంది? ఏమైందో చెప్పు."

సేల్స్‌మన్ ఫారంలో గడి మీద వేలు పెట్టి చూపించాడు, వానలు కాదు, ఇది అన్నట్టు. అన్న గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు ఎట్ల పంటవ్?"

"ఎట్ల పండుడేంది?"

"అదే... పక్కకా, ఎల్లెల్కలనా, బోర్లనా?"

"తాగినవా?"

"తాగలేనే! పరుపు దుకాన్ల ఉన్న. నీ నడుముకు పరుపు తీస్తున్న. వీళ్లు అడుగుతున్నరు."

"ఎవలు అడుగుతున్నరు?"

"దుకానపాయన. సారు గూడ ఉన్నడు."

"ఇద్దరు పరాయి మొగోళ్లను ఎంబడేసుకొని నేనెట్ల పంటనో అడుగుతున్నవా!"

ఆమె వెనక ఆడవాళ్ల నవ్వులు భళ్లుమన్నాయి. పక్కన కూర్చుని బీడీలు చుట్టేవాళ్లు కాబోలు. "బోర్ల పంటదని రాసుకోమను!" అని ఒకామె, "గురక సంగతి గూడ చెప్పవే" అని ఇంకొకామె. సేల్స్‌మన్ ఫోను వైపు వంగి, "వదినా, నాకేం సంబంధం లేదు, ఇది కంపెనీ ఫారం" అని గట్టిగా చెప్పాడు. అది విని వాళ్లు ఇంకా నవ్వారు. అన్న కూడా నవ్వుతున్నాడు, చెవులు ఎర్రబడి. పన్నెండేళ్ల శుక్రవారాల ఫోన్లన్నీ కలిపినా అన్ని నవ్వులు వచ్చి ఉండవు.

"ఆగు. అవతలికి పోత" అంది ఆమె.

ఆమె లేవడం మాకు వినిపించింది. చాట కింద పెట్టిన చప్పుడు. ఒక "అమ్మా". మళ్లీ ఒక "అమ్మా", ఈసారి పళ్ల బిగువున. అక్కడ నవ్వులు ఆగిపోయాయి. "పట్టుకోవే, పట్టుకో" అని ఎవరో అన్నారు. చాలాసేపటికి తలుపు కిర్రుమంది. ఒక మనిషి నేల మీంచి లేచి గుమ్మం దాటడానికి అంతసేపు పట్టదు. అన్న నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, తీసేయడం మరిచిపోయినట్టు.

"పంటలేను" అంది ఆమె, గొంతు తగ్గించి.

"ఏంది?"

"పండుతలేనని చెప్తున్న. గోడకు ఒరిగి, ఎన్క మెత్త పెట్టుకొని, కూసోనే నిద్రపోతున్న."

"ఎప్పటిసంది?"

"చలికాలంల సంది."

"మరి చెప్పకపోతివి?"

"నువ్వు నడుమెట్లున్నదని అడిగితివి. ఉన్నదని చెప్తి."

నేను ఫారం వైపు చూశాను. నాలుగు గళ్లున్నాయి. పక్కకు, వెల్లకిలా, బోర్లా, అన్ని రకాలుగా. కూర్చుని అన్న గడి లేదు. సేల్స్‌మన్ కూడా చూసి, ఫారాన్ని మెల్లగా నా చేతిలోంచి తీసుకుని బోర్లా పెట్టాడు.

"పండుతె ఏమైతది?" అన్నాడు అన్న. ఒక చెయ్యి పరుపు మీద ఆనించి ఉంది. "ఇది మంచి పరుపే. షెట్టుపాలతోని చేసింది. దీని మీద పండుతె నొయ్యదట."

"పండుడు ఎట్లనన్న పంట. తెల్లారి లేవస్తలేదు. చెయ్యిచ్చి లేపెటోళ్లు ఇంట్ల ఎవలున్నరు?"